చించా దీవుల నుంచి యూరియా బస్తా దాకా

పెరూ దేశపు తీరానికి కొద్ది దూరంలో, పిస్కో రేవుకు ఎదురుగా, చించా దీవులని మూడు చిన్న దీవులున్నాయి. వాటి మీద చెట్టు లేదు, మంచినీరు లేదు. ఆ తీరంలో వాన దాదాపు పడనే పడదు. దీవుల చుట్టూ ఉన్న సముద్రంలో మాత్రం ప్రపంచంలో మరెక్కడా లేనంత దండిగా చేపలుంటాయి. దక్షిణం నుంచి వచ్చే చల్లని హంబోల్ట్ ప్రవాహం వెంట అడుగునీరు పోషకాలతో సహా పైకి ఉబుకుతుంది. ఆ పోషకాల మీద కంటికి కనిపించని జీవరాశి పెరుగుతుంది, దాన్ని తిని మన నెత్తళ్ల కుటుంబానికే చెందిన ఆంకోవేటా చేపలు, ఆ చేపలను తిని లక్షలాది నీటికాకులు, గూడబాతులు బతుకుతాయి. ఆ పక్షులు దీవుల మీద వాలి వేసిన రెట్ట, కడిగేసే వాన లేనందువల్ల, వేల ఏళ్ల పాటు పొర మీద పొరగా పేరుకుని కొన్నిచోట్ల వంద అడుగులు దాటిన గుట్టలైంది. దానినే గ్వానో అంటారు. నత్రజని, భాస్వరం రెండూ పుష్కలంగా ఉన్న ఎరువు అది.

ఆండీస్ ప్రాంతపు రైతులకు దాని విలువ ఎప్పటినుంచో తెలుసు. ఇన్కా సామ్రాజ్య కాలంలో ఏ దీవి రెట్ట ఏ ప్రాంతానికి చెందాలో పంపకం ఉండేదనీ, పక్షులు గుడ్లు పెట్టే కాలంలో దీవి మీద అడుగుపెడితే మరణశిక్ష ఉండేదనీ 17వ శతాబ్దపు తొలినాళ్లలో రాసిన వృత్తాంతం చెబుతోంది. యూరప్‌కు ఈ ఎరువు సంగతి 19వ శతాబ్దం మొదట్లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ తీసుకెళ్లిన నమూనాలతో తెలిసింది. 1840 ప్రాంతంలో ఎగుమతి మొదలైంది. ఆ తర్వాతి నలభై ఏళ్లలో సుమారు 1.2 కోట్ల టన్నుల గ్వానో పెరూ దాటి వెళ్లిపోయింది. చించా దీవుల గుట్టలు 1870ల తొలినాళ్లకే అడుగంటాయి. అన్ని తరాల పక్షులు కూడబెట్టిన సారం ఒక్క మనిషి జీవితకాలంలో సగం కూడా గడవకముందే ఖర్చయిపోయింది.

పెట్టుబడిదారీ విధానానికీ ప్రకృతికీ మధ్య చరిత్రలో నడిచిన సంబంధం గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు ముందుగా నరికిన అడవులు, నల్లబడ్డ నదులు, పొగ గొట్టాలు గుర్తుకొస్తాయి. అవన్నీ నిజమే. అయినా ఆ సంబంధం ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి చూడాలంటే నేను ఎరువు చరిత్రనే ఎంచుకుంటాను. ఎందుకంటే మనిషి ప్రకృతి నుంచి తీసుకునే వాటిలో తిండి మొదటిది, తీసుకున్నదానిని తిరిగి ఇవ్వవలసిన అవసరం అందరికంటే స్పష్టంగా తెలిసినవాడు రైతు. ఆ తిరిగి ఇచ్చే దారి ఎప్పుడు, ఎవరి లాభం కోసం తెగిపోయిందన్నది ఈ వ్యాసంలో నేను అడిగే ప్రశ్న. తెగిన దారిని బాగుచేసుకోకుండా, ప్రతిసారీ ఇంకా దూరంగా ఉన్న మరో చోటి నుంచి సారాన్ని తెచ్చి పూడ్చుకోవడమే రెండు వందల ఏళ్లుగా జరుగుతూ వచ్చిందని నా వాదన. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసే రైతు పరిస్థితి ఇది. తేడా ఏమిటంటే, ఈ అప్పు చేసినవారు ఒకరు, తీరుస్తున్నవారు మరొకరు.

ఇంగ్లండుకు అంత ఎరువు ఎందుకు కావలసివచ్చిందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఉమ్మడి భూములకు కంచెలు వేసి, చిన్న రైతులను పొలాల నుంచి వెళ్లగొట్టే పని అక్కడ 19వ శతాబ్దం మధ్యకల్లా దాదాపు పూర్తయింది. 1851 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో సగానికి పైగా జనం పట్టణాలలో ఉన్నారు. పల్లెలో పండిన గోధుమ, మాంసం, ఉన్ని పట్టణానికి వెళ్లేవి. వాటితో పాటు నేలలోని నత్రజని, భాస్వరం, పొటాషియం కూడా వెళ్లేవి. అంతకుముందు కూడా లండన్ పెద్ద నగరమే. అయితే అప్పట్లో మరుగు గుంతల్లోని మలాన్ని రాత్రివేళ ఎత్తి, బండ్ల మీద ఊరి చుట్టుపక్కల కూరగాయల తోటలకు అమ్ముకునేవారు ఉండేవారు. అది అసహ్యమైన, ప్రమాదకరమైన పని. నేను దానిని గొప్పగా చెప్పడం లేదు. మన దేశంలో ఆ పని ఏ కులాల మీద రుద్దారో ఎరిగినవారెవరూ గొప్పగా చెప్పలేరు. కానీ ఆ బండ్ల మీద నేల సారంలో కొంత భాగమైనా తిరిగి నేలకు చేరేది. నగరం విస్తరించేకొద్దీ తోటలు దూరమయ్యాయి, బండి కిరాయి పెరిగింది. సరిగ్గా అప్పుడే గ్వానో వచ్చింది. బరువుకు తక్కువ, బలానికి ఎక్కువ అయిన ఆ ఎరువు ముందు మలం బండి బేరం నిలబడలేదు. మరోవైపు ఇళ్లలోకి నీళ్లు పోసి కడిగే మరుగుదొడ్లు వచ్చి, మలమంతా కాలువల గుండా థేమ్స్ నదికి చేరింది.

1858 వేసవిలో ఆ నది కంపు భరించలేక పార్లమెంటు భవనం కిటికీల తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వేలాడదీశారు. దానితో బజాల్జెట్ అనే ఇంజనీరు చేత నగరం కింద బ్రహ్మాండమైన మురుగు సొరంగాలు కట్టించారు. అవి లక్షలాది ప్రాణాలను కలరా నుంచి కాపాడాయి, అందులో సందేహం లేదు. అయితే అవి మురుగును నేలకు చేర్చలేదు. నగరానికి తూర్పున, సముద్రపు పోటు లాక్కుపోయే చోట నదిలో వదిలాయి. అంటే అదే కాలంలో లండన్ తన నేల సారాన్ని సముద్రంలో కలుపుతూ, దక్షిణ అమెరికా కొసన ఉన్న హార్న్ అగ్రం చుట్టి నెలల తరబడి ప్రయాణించి వచ్చే ఓడలలో, ఏటా లక్షల టన్నుల పక్షిరెట్టను దిగుమతి చేసుకుంటోంది. ఈ ఏర్పాటును ఎవరూ కూర్చుని పథకం వేయలేదు. వ్యాపారి తన లాభం చూసుకున్నాడు, రైతు తన ఖర్చు చూసుకున్నాడు, మునిసిపాలిటీ తన బడ్జెట్ చూసుకుంది. నేల సారం ఎవరి ఖాతాలోనూ లేదు.

ఆ రోజుల్లోనే జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ఈ ఖాతా రాయడానికి ప్రయత్నించాడు. పంటతో పాటు పోయే ఖనిజాలు తిరిగి చేరకపోతే నేల నిస్సారమవుతుందని ఆయన చెప్పాడు. యూరప్ యుద్ధరంగాలలో మిగిలిన ఎముకలను కూడా తవ్వించుకుని ఇంగ్లండ్ తన పొలాలకు తెచ్చుకుంటోందని, ఇది ఇతర దేశాల సారాన్ని దోచుకోవడమేనని కటువుగా నిందించాడు. ఆయన రచనలు చదివిన మార్క్స్ 1867లో ఆ మాటను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లి, కూలివాడి శ్రమ, నేల సారం ఒకే చేతితో దోపిడీ అవుతున్నాయని రాశాడు. మన ప్రాంతంలో మార్క్స్‌ను చదివిన రెండు మూడు తరాలవారు ఆ వాక్యంలోని మొదటి సగాన్ని ఎంతో శ్రద్ధగా పట్టుకున్నారు. రెండో సగం మీద అంత శ్రద్ధ పెట్టలేదన్నది నా బాధ.

ఆ రెండూ ఒకటేనని చించా దీవులకు వెళ్లి చూస్తే తెలుస్తుంది. గుట్టలను గునపాలతో, పారలతో తవ్వినవారు మొదట ఖైదీలు, బానిసలు. 1849 నుంచి ఎక్కువగా చైనా కూలీలు. 1849కీ 1874కీ మధ్య సుమారు 90 వేల మంది చైనీయులను కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని పెరూకు తరలించారు. వారిలో ఎక్కువమంది చెరకు, పత్తి తోటలకు వెళ్లగా, కొందరి బతుకు ఈ దీవుల మీద తెల్లవారింది. అమ్మోనియా ఘాటుతో కళ్లు, ఊపిరితిత్తులు మండే దుమ్ములో, కొరడా దెబ్బల కింద రోజువారీ తూకం పూర్తి చేయలేక, కొండ అంచుల నుంచి సముద్రంలోకి దూకి చనిపోయినవారి సంగతి ఆనాటి నావికులు, యాత్రికులు రాశారు. లండన్‌లో ఈ వ్యాపారాన్ని నడిపిన ఆంటనీ గిబ్స్ సంస్థ యజమాని విలియం గిబ్స్ ఇంగ్లండులో బిరుదులు లేని మనుషులందరిలోకీ ధనికుడని పేరు పొందాడు. బ్రిస్టల్ దగ్గర ఆయన కట్టించిన టైంట్స్‌ఫీల్డ్ భవనాన్ని ఇప్పటికీ సందర్శకులు వెళ్లి చూస్తారు.

పెరూకు ఏం మిగిలిందన్న ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో తేలేది కాదు. గ్వానో నిజంగానే అక్కడి ప్రభుత్వ ఖజానాను నింపింది; ఒక దశలో రాబడిలో సగానికి పైగా దాని నుంచే వచ్చేది. 1854లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు యజమానులకు నష్టపరిహారం చెల్లించింది ఆ డబ్బుతోనే. ఆదివాసుల మీద తలపన్ను ఎత్తేయగలిగింది కూడా ఆ డబ్బుతోనే. కానీ రేపు రాబోయే గ్వానోను తాకట్టు పెట్టి ఈరోజు అప్పు తేవడం, ఆ అప్పుతో కొండల మీదికి రైలు మార్గాలు వేయడం మొదలయ్యాక గుట్ట కంటే ముందు అప్పు పెరిగింది. 1876లో పెరూ బాకీలు కట్టలేక చేతులెత్తేసింది. చివరకు 1890లో తన రైళ్లను 66 ఏళ్ల పాటు విదేశీ బాండుదారుల సంస్థకు అప్పగించవలసివచ్చింది. ఈలోగా అమెరికా 1856లో ఒక చట్టం చేసి, ఎవరి అధీనంలోనూ లేని గ్వానో దీవి ఏదైనా తన పౌరుడు కనిపెడితే దానిని అమెరికాకు చెందినదిగా ప్రకటించుకోవచ్చని రాసుకుంది. పక్షిరెట్ట కోసం సామ్రాజ్యం సముద్రాల మీద దీవులు ఏరుకుంది.

గ్వానో తరిగాక చూపు మరో నత్రజని ఎరువు మీదికి, అటకామా ఎడారిలో తవ్వి తీసే నైట్రేట్ మీదికి మళ్లింది. 1879 నుంచి 1883 దాకా చిలీ, పెరూ, బొలీవియాల మధ్య జరిగిన యుద్ధంలో పెరూ తరపాకా ప్రాంతాన్ని, బొలీవియా తన సముద్రతీరాన్ని మొత్తంగా పోగొట్టుకున్నాయి. బొలీవియాకు నేటికీ సముద్రం లేదు. ఆ నైట్రేట్ గనులలో పనిచేసిన కార్మికులు 1907లో కూలి పెంచమని ఇకీకే పట్టణానికి వచ్చి ఒక బడిలో తలదాచుకుంటే, సైన్యం కాల్చి వందల మందిని చంపింది. యూరప్ గోధుమ చేను పచ్చగా ఉండటానికి ఇదంతా ఖర్చు. రొట్టె ధరలో ఈ ఖర్చు ఎక్కడా కలవలేదు.

1898లో బ్రిటన్ శాస్త్రవేత్త విలియం క్రూక్స్ బ్రిస్టల్ సభలో లేచి, చిలీ నైట్రేట్ కూడా అయిపోతుందని, గాలిలోని నత్రజనిని పట్టుకునే దారి రసాయన శాస్త్రం కనుక్కోకపోతే గోధుమ తినే జాతులు పస్తులుండక తప్పదని హెచ్చరించాడు. పదకొండేళ్లకు, 1909లో, కార్ల్స్‌రూ నగరంలో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని పట్టి, తన పరికరం నుంచి అమ్మోనియా చుక్కలు రాల్చి చూపించాడు. కార్ల్ బాష్ దానిని పరిశ్రమ స్థాయికి పెంచగా 1913లో ఓపౌలో బీఏఎస్ఎఫ్ కర్మాగారం మొదలైంది. మరుసటి ఏడు మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బ్రిటన్ నౌకాదళం చిలీ నైట్రేట్ అందకుండా చేసినా జర్మనీ మందుగుండు తయారుచేసుకోగలిగిందంటే అది ఈ అమ్మోనియా వల్లనే. ఒకే గొట్టం నుంచి ఒకవైపు ఎరువు, మరోవైపు పేలుడు పదార్థం వచ్చాయి.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే అత్యంత బలమైన అభ్యంతరాన్ని తప్పించుకోకుండా చెప్పాలి. ఈనాడు భూమి మీద ఉన్న మనుషులలో దాదాపు సగం మందికి హేబర్-బాష్ పద్ధతిలో తయారైన నత్రజని లేకుండా తిండి పుట్టదు. ఇది రాస్తున్న నా ఒంట్లో ఉన్న మాంసకృత్తులలో సైతం గణనీయమైన వాటా ఆ కర్మాగారాల నుంచే వచ్చింది. కాబట్టి రసాయన ఎరువును ఒక్కరోజులో మానేయాలని చెప్పేవారితో నేను ఏకీభవించను. 2021లో శ్రీలంక ప్రభుత్వం రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి నిషేధిస్తే వరి దిగుబడి ఎలా పడిపోయిందో, ఆ నిషేధాన్ని కొద్ది నెలలకే ఎలా వెనక్కు తీసుకోవలసివచ్చిందో మన కళ్లముందే జరిగింది. యూరియా మీద కోపంతో పేదవాడి కంచం లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

మరొక అభ్యంతరం ఉంది. ఇదంతా పెట్టుబడి చేసిన పనేనా, ఆధునిక పరిశ్రమ ఎక్కడున్నా ఇలాగే చేస్తుందా? సోవియట్ యూనియన్ పత్తి కోసం రెండు నదులను మళ్లించి ఆరల్ సముద్రాన్ని ఎండగట్టింది. అక్కడ ప్రైవేటు యజమాని లేడు. ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. ఏటేటా లెక్క పెంచి చూపాలన్న ఒత్తిడి లాభం పేరుతో వచ్చినా, ప్రణాళిక పేరుతో వచ్చినా నేలకు తేడా తెలియదు. అయినా ఈ ఒత్తిడి ప్రపంచంలో మొదట ఎక్కడ పుట్టింది, ఎవరి బాటలో మిగతావారు నడిచారు అని అడిగితే, ఉమ్మడి భూమిని కంచె వేసి సరుకుగా మార్చిన ఇంగ్లండు దగ్గరికే మళ్లీ వెళ్లాలి. ఆ మార్పు తర్వాతే నేల ఒక తరం నుంచి మరో తరానికి అప్పగించే బాధ్యతగా కాక, ఏడాది కౌలుకు ఎంత ఇస్తుందన్న లెక్కగా మారింది.

హేబర్ కనిపెట్టింది తెగిన దారికి అతుకు కాదు. గుట్టల స్థానంలో ఈసారి బొగ్గు, ఆ తర్వాత సహజవాయువు వచ్చాయి. పొలంలో చల్లిన నత్రజనిలో సగానికి పైగా పైరుకు చేరక, కొంత నీటిలోకి, కొంత గాలిలోకి పోతుంది. గాలిలోకి పోయేదానిలో నైట్రస్ ఆక్సైడ్ ఒకటి. వాతావరణాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు బలమైనది. భాస్వరం సంగతి ఇంకా కఠినం. దానిని గాలిలో నుంచి తీయలేం, తవ్వి తేవలసిందే. పసిఫిక్‌లోని నౌరూ దీవి 21 చదరపు కిలోమీటర్లు. దాని నడిమి భాగమంతా ఫాస్ఫేట్ కోసం తవ్వేసి, మనిషి నిలవలేని రాతి మొనలుగా వదిలేశారు. దానికి పొరుగున ఉన్న బనాబా దీవివాసులను 1945లో ఫిజీకి చెందిన మరో దీవికి తరలించారు. ఆ రెండు దీవుల నేల ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల గడ్డి మైదానాల మీద చల్లిన సూపర్ ఫాస్ఫేట్ అయింది.

పెరూ పక్షుల కథ కూడా అక్కడితో ఆగలేదు. 1909లో పెరూ ప్రభుత్వం దీవులకు కాపలా పెట్టి, గ్వానోను కొలత ప్రకారమే తవ్వడం మొదలుపెడితే పక్షులు మళ్లీ కోట్లలో పెరిగాయి. చూసుకుంటే ప్రకృతి కోలుకుంటుందనడానికి అది గట్టి సాక్ష్యం. కానీ 1950ల నుంచి ఆంకోవేటా చేపనే పట్టి, ఎండబెట్టి, పొడి చేసి, యూరప్, అమెరికాల కోళ్లకు, పందులకు మేతగా అమ్మే పరిశ్రమ లేచింది. 1970లో పట్టుబడి 1.2 కోట్ల టన్నులు దాటింది. 1972లో సముద్రాన్ని వేడెక్కించే ఎల్ నినో వచ్చేసరికి చేపల రాశి కుప్పకూలింది, పక్షులు ఆకలితో చచ్చాయి. మొదట వేల ఏళ్లుగా దాచిన రెట్టను అమ్మారు, తర్వాత ఆ రెట్ట పుట్టడానికి మూలమైన చేపనే అమ్మారు.

మన దేశం ఈ చరిత్రలో ఏ వైపున ఉంది? బ్రిటిష్ పాలనలో మనం ఎక్కువగా ఇచ్చే వైపునే ఉన్నాం. ఊళ్లలో చచ్చిన పశువుల ఎముకలను ఏరించి, రైళ్ల మీద రేవులకు చేర్చి యూరప్‌కు ఎగుమతి చేశారు. నూనెగింజలు కూడా నూనె తీయకుండా గింజలుగానే ఓడ ఎక్కేవి. మద్రాసు రాష్ట్రపు వేరుశనగ ఫ్రాన్స్‌లోని మార్సెయి రేవుకు వెళ్లేది. నూనె తీశాక మిగిలే చెక్క అక్కడి పశువులకు మేత, అక్కడి పొలాలకు ఎరువు అయ్యేది. 1889లో బ్రిటన్ నుంచి వచ్చి దేశమంతా తిరిగిన వ్యవసాయ రసాయనవేత్త వోల్కర్, భారతీయ రైతుకు సేద్యం రాదన్న దొరల మాటను ఒప్పుకోలేదు. ఎముకలు, నూనెగింజల ఎగుమతి వల్ల నేల సారం పోతున్నదని, వంటచెరకు దొరకనందువల్లనే రైతు పేడను పిడకలు చేసి కాలుస్తున్నాడని తన 1893 నివేదికలో రాశాడు. వంటచెరకు ఎందుకు దొరకలేదంటే, 1882 మద్రాసు అటవీ చట్టం లాంటివి అడవులను రిజర్వు చేసి, పశువులు మేసే చోట, ఆకు కోసుకునే చోట, పుల్లలు ఏరుకునే చోట ఆంక్షలు పెట్టాయి. ఒక చట్టం అడవిలో చేసిన పని మరోచోట పొలంలో కనిపించింది.

నేను కృష్ణా పశ్చిమ డెల్టాలో మాగాణి ఉన్న కుటుంబంలో పుట్టాను. మా తాతయ్య సేద్యం చేసిన రోజులలో కోతలయ్యాక మెట్ట ప్రాంతాల నుంచి గొర్రెల కాపరులు మందలను తోలుకొచ్చేవారు. పొలంలో రాత్రుళ్లు మంద కట్టినందుకు రైతు వారికి ధాన్యం కొలిచేవాడు. వేసవిలో జీలుగో జనుమో చల్లి పూతకు రాకముందే కలియదున్నేవారు. వరి కోసే ముందు చల్లిన పిల్లిపెసర కొంత పశువుల కడుపులోకి, కొంత నేలలోకి వెళ్లేది. పెంటకుప్ప ఎంత ఎత్తుంటే ఆ ఇంటి సేద్యం అంత గట్టిదని చెప్పుకునేవారు. ఆ సేద్యం మోసిన భారంలో ఎక్కువ పాలు పాలేళ్లదనీ, దిగుబడి ఈనాటిలో మూడో వంతో సగమో ఉండేదనీ మరిచిపోయి దానికి పూలదండలు వేయడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ పనులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఈ ఏడు చేసిన ఖర్చు ఫలం మూడు నాలుగేళ్ల పాటు మెల్లగా వస్తుంది. ఆ మూడు నాలుగేళ్లూ ఆ నేల తన చేతిలోనే ఉంటుందన్న నమ్మకం ఉన్నవాడే ఆ ఖర్చు పెడతాడు.

1967లో విశాఖపట్నంలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం, 1980లో రామగుండంలో బొగ్గుతో యూరియా చేసే ప్రభుత్వ కర్మాగారం, 1990లలో కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ వచ్చాయి. పొట్టి వరి వంగడాలకు నత్రజని ఆకలి ఎక్కువ. బస్తా విప్పి చల్లితే పది రోజుల్లో చేను ముదురు పచ్చగా నల్లబడేది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరల మీద నియంత్రణ తీసేసి యూరియా మీద మాత్రం ఉంచడంతో, రైతు చవకైన నత్రజని వైపు మొగ్గాడు. నేటికీ 45 కిలోల యూరియా బస్తా పన్నులు కలుపుకుని 270 రూపాయల లోపే. దేశం ఏటా 3.5 కోట్ల టన్నులకు పైగా యూరియా వాడుతోంది. దానికి కావలసిన సహజవాయువులో పెద్ద భాగం, మిగతా ఎరువులకు కావలసిన ఫాస్ఫేట్ రాయిలో చాలా భాగం, పొటాష్ దాదాపు మొత్తం విదేశాల నుంచి రావలసిందే. ఉక్రెయిన్ యుద్ధంతో ధరలు పెరిగిన 2022-23లో కేంద్రం ఎరువుల రాయితీ కోసం సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు ఖర్చు చేసింది. ఎగుమతి చేసే వైపు నుంచి మనం దిగుమతి చేసుకునే వైపుకు వచ్చాం. లండన్ 1858లో ఉన్నచోట ఇప్పుడు హైదరాబాదు ఉంది. నగరం తిన్న అన్నంలోని నత్రజని, భాస్వరం మూసీలో కలుస్తాయి. దిగువన ఆ నీటితోనే పశుగ్రాసం, వరి పండిస్తున్న రైతులున్నారు. అయితే ఆ నీటిలో కర్మాగారాల రసాయనాలూ కలిసి ఉన్నందువల్ల ఎరువు కావలసినది విషంతో పాటు పొలానికి చేరుతోంది. ఇంటి మురుగును పరిశ్రమల మురుగు నుంచి వేరుచేయడం అసాధ్యమేమీ కాదు, దాని ఖర్చు పరిశ్రమ మీద వేయడానికి ప్రభుత్వాలు సిద్ధపడకపోవడమే అడ్డు.

పల్లెలో అడ్డు మరో రూపంలో ఉంది. మా ఊరి మాగాణిలో ఇప్పుడు భూమి ఉన్నవారు సేద్యం చేయడం అరుదు, ఎక్కువ పొలాలు కౌలుకే నడుస్తున్నాయి. మా పొలం పక్క చేను కౌలుకు చేస్తున్న పెద్దాయనను పచ్చిరొట్ట ఎందుకు వేయలేదని నేను అడిగితే, ‘‘వచ్చే ఏడు ఈ చేను నాకే ఇస్తారన్న నమ్మకం ఎక్కడుందండీ, జీలుగ నేను చల్లితే పంట ఇంకొకాయన తింటాడు’’ అన్నాడు. ఆయన నేల గురించి తెలియక అన్నమాట కాదది. యజమానికి కొలవవలసిన మక్తా బస్తాలు ముందే ఖరారైన నేలలో, నోటిమాట మీద నడిచే ఏడాది కౌలులో, ఆయన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఎరువు ఈ పంటలోనే ఫలం చూపే యూరియా. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చెరువులలో పూడిక తీసినప్పుడు ఆ ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకోమన్నారు, ఎంతోమంది తోలుకున్నారు కూడా. ట్రాక్టరు కిరాయి రైతుదే కనుక, సొంత చేను ఉన్నవాడు ధైర్యం చేసినట్టు కౌలుదారు చేయలేడు.

చట్టాలు చూద్దాం. ఆంధ్ర ప్రాంతపు 1956 కౌలుదారీ చట్టం కనీసం ఆరేళ్ల కౌలు ఉండాలంది. కాగితం రాస్తే కౌలుదారుకు హక్కులొస్తాయన్న భయంతో యజమానులు ఆ కాగితమే రాయడం మానేశారు. ఆ భయం పోగొట్టాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, యజమాని సమ్మతి మీద 11 నెలలకు చెల్లే కార్డులు ఇచ్చింది. బ్యాంకు అప్పు కోసం, పంట బీమా కోసం ఆ కార్డు కొంత ఉపయోగపడవచ్చు. నేల వైపు నుంచి చూస్తే మాత్రం 11 నెలలు అనే ఆ లెక్క చాలా అన్యాయమైనది, ఎందుకంటే పచ్చిరొట్ట, పెంట, చెరువు మట్టి ఏవీ 11 నెలలలో తమ బాకీ తీర్చుకోలేవు. ప్రభుత్వాలు కర్బనం పెంచాలని, ప్రకృతి సేద్యం చేయాలని కౌలు రైతుకు శిక్షణ ఇస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ఆ ప్రయత్నం పెద్ద ఎత్తున జరుగుతోంది, అందులో పనిచేస్తున్నవారి నిజాయితీ మీద నాకు గౌరవముంది. కానీ శిక్షణ కౌలుదారుకు, నేల మీద నిర్ణయం యజమానికి ఉన్నంతకాలం ఆ శ్రమ సగం వృథా.

నేను కోరుకునేది ఇది. కౌలు కాగితం కనీసం ఐదేళ్లదై ఉండాలి, యాజమాన్య హక్కు పోదన్న స్పష్టమైన హామీ యజమానికి అందులోనే రాయాలి. కౌలు మొదలైనప్పుడు, ముగిసినప్పుడు మట్టి పరీక్ష చేయించి, సేంద్రియ కర్బనం పెరిగితే ఆ పెంచిన ఖర్చును కౌలుదారుకు యజమాని చెల్లించాలి. ఇంగ్లండులో కౌలు వదిలి వెళ్లే రైతుకు అతడు నేలలో పెట్టిన ఎరువుల, చేసిన మెరుగుల విలువ కట్టి ఇవ్వాలని 1875లో తొలిసారి చట్టం చేశారు. అది ఒప్పందంతో తప్పించుకోవడానికి వీలున్న బలహీనమైన చట్టం కావడంతో 1883లో తప్పనిసరి చేయవలసివచ్చింది. గ్వానో గుట్టలు అడుగంటిన కాలంలోనే ఆ దేశం ఈ పని మొదలుపెట్టింది. మన దగ్గర యూరియా రాయితీకి పోతున్న సొమ్ములో కొద్ది భాగాన్ని బస్తా మీద కాకుండా, పొలానికి తోలిన మట్టి మీద, చల్లిన జీలుగ విత్తనం మీద, కట్టిన మంద మీద, ఎవరు ఖర్చు పెట్టారో వారి పేరున జమ చేయడానికి కొత్తగా డబ్బు వెతకనక్కరలేదు. యజమానుల సంఘాలు దీనిని వ్యతిరేకిస్తాయి. సొంత పొలం కౌలుకిచ్చే కుటుంబంలో పుట్టినవాడిగా ఆ వ్యతిరేకత మా ఇంట్లోనే మొదలవుతుందని నాకు తెలుసు, అయినా ఈ కోరిక మీదనే నిలబడతాను.